తంతి గుమాస్తా కుడిచేయి

1913 జనవరి 9

ఈ పుస్తకం కొత్త టైంటేబుళ్ల కట్టలో వచ్చింది. రాయడానికి విశేషం ఏమీ లేదు. కుడి మణికట్టు దగ్గర కొంచెం పట్టినట్టుంది. చలి.

జనవరి 12

చలే.

జనవరి 17

పొద్దున మెయిలు దాటేవరకు బాగానే ఉంది. తర్వాత పలాసకు తంతి కొడుతుంటే బొటనవేలు, చూపుడువేలు తంతి మిషను కీ గుండీని పట్టుకుని వదల్లేదు. నేను వదలమన్నాను, అవి వినలేదు. చుక్క పడాల్సిన చోట గీత పడింది. అవతల పలాసలో వైకుంఠరావు మళ్ళీ పంపమన్నాడు, పంపాను.

కీ స్ప్రింగు బిగుసుకుంది. స్టేషను మాస్టరుగారితో చెప్పాలి.

జనవరి 26

స్ప్రింగు మార్చారు. ఇది కూడా బిగుతే.

జనవరి 30

ఈ రోజు నొప్పి లేదు. ఉన్నా చెప్పుకోదగ్గది కాదు. పెన్సిలు పట్టుకుంటే మాత్రం ముంజేతిలో ఒక తీగ లాగుతోంది. అందుకే ఇంతటితో ఆపుతున్నాను.

ఫిబ్రవరి 3

వైకుంఠరావు తీగ మీద ఒక మాట అన్నాడు. "నీ చెయ్యి మారింది" అని.

ఆయన పలాస స్టేషనులో ఈ తీగకు అవతలి కొసన కూర్చుంటాడు. నాలుగేళ్లుగా రోజుకు ముప్పై నలభై సార్లు మాట్లాడుకుంటున్నాం. మనిషిని ఒక్కసారే చూశాను, కదిలే రైల్లోంచి. ఆయనకు సెలవు దొరికిన రోజున నాకు దొరకదు. అయినా ఆయన కీ మీద చెయ్యి వేస్తే రెండు అక్షరాలకే ఆయనే అని తెలుస్తుంది. నాదీ ఆయనకు అలాగే తెలుస్తుంది కాబోలు.

కీ బాగా లేదని జవాబిచ్చాను. "సరే" అన్నాడు.

ఫిబ్రవరి 5

సర్క్యులరు వచ్చింది. ఏప్రిల్ పదిహేను నుంచి ఇన్‌స్పెక్టరుగారు ప్రతి సిగ్నలర్‌కూ, అంటే తంతి కొట్టే మా అందరికీ, పరీక్ష పెడతారు. నిమిషానికి ఇరవై మాటలు, తప్పు లేకుండా, అయిదు నిమిషాలు. నెగ్గినవాళ్ల పేర్లు పెద్ద ఉద్యోగాల కోసం వాల్తేరు ఆఫీసుకు వెళతాయి. తప్పినవాళ్ల సంగతి కాగితం మీద లేదు. అందరికీ తెలుసు. పోయినేడు ఇద్దరికి కీ తీసేసి గేటు దగ్గర జెండా ఇచ్చారు.

మా ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య నుంచి ఇంగ్లీషు చదివి బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి మా ఇంట్లో నేనొక్కణ్ణే. మా నాన్న ఇప్పటికీ ఊళ్లో ఎవరు కనబడినా నా ఉద్యోగం పేరు రెండుసార్లు చెబుతాడు.

నాకు ఇరవై రెండు మాటలు వచ్చు. వచ్చేవి.

ఫిబ్రవరి 6

టెక్కలి వెళ్లాను. ఒక కాంపౌండరు కర్పూరం వాసనేసే నూనె రాసి, మోచేతి నుంచి వేళ్ల దాకా గట్టిగా గుడ్డ చుట్టాడు. పది రోజులు చెయ్యి అసలు కదపకూడదన్నాడు. నా పని ఏమిటని అడగలేదు. నేనూ చెప్పలేదు. స్టేషను చేరకముందే కట్టు విప్పేశాను.

ఫిబ్రవరి 8

ఎండుచేపల గంపలతో పలాస సంతకు వెళ్లే ఆడవాళ్లు రోజూ మా ప్లాట్‌ఫారం మీదే కూర్చుంటారు. వాళ్లలో కన్నమ్మ అనే ముసలామె టిక్కెట్టు తీసుకుంటూ కిటికీ ఊచల్లోంచి నన్ను చూసింది. అప్పుడు నేను ఎడమచేత్తో కుడిచేతిని పిసుక్కుంటున్నాను.

"నొప్పి ఆడ నేదు బావూ" అంది. "అదిగో, భుజం సూడు. సెవికాడికి ఎత్తీసినావు. ఆడుంది."

టిక్కెట్టిచ్చి కిటికీ వేసేశాను. చేపలమ్ముకునే మనిషికి తంతి పని ఏం తెలుస్తుంది?

భుజం నిజంగానే ఎత్తి ఉంది. దించాను. మరో ట్రెయినుకు చూసుకుంటే మళ్ళీ ఎత్తి ఉంది.

ఫిబ్రవరి 11

భాగ్యం అడిగింది, "ఏటైంది బావా సేతికి? అన్నం ముద్ద జారిపోతంది" అని. నా భార్య, మా మేనమామ కూతురే. చిన్నప్పటి నుంచీ నా ప్రతి అబద్ధం దానికి తెలుసు. ఏమీ కాలేదన్నాను. అన్నం కలిపి ముద్దలు చేసి పళ్లెంలో పెట్టి, నా వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

తిన్నాను.

ఫిబ్రవరి 15

నొప్పి లేదు.

ఫిబ్రవరి 19

నొప్పి లేదు. గట్టిగా పట్టుకుంటే కీ మాట వింటోంది. ఎంత గట్టిగా పడితే అంత వింటోంది. ఇదే ఉపాయం.

ఫిబ్రవరి 25

ఎడమచేత్తో రాస్తున్నాను. వంకరగా పడుతున్నా రాయాలి.

మధ్యాహ్నం మా మెయిను లైను మీద గూడ్సు ఆగి ఉంది. ఇంజనులో నీళ్లు లేవు. పలాస నుంచి ఇంకో గూడ్సును మా వైపు వదలడానికి లైన్ క్లియర్ అడిగారు. క్లియర్ లేదని పంపాలి. 'లేదు' అనే మాట దగ్గర వేళ్లు ముడుచుకుపోయాయి. గుండీ మీద చెయ్యి చచ్చిపడి ఉంది. ఆ మాట పోయింది. మిగిలినవి మాత్రం వెళ్లాయి.

అవతలికి చేరింది: లైన్ క్లియర్.

వైకుంఠరావు బండి వదల్లేదు. మళ్ళీ పంపమన్నాడు. పంపాను, మళ్ళీ అదే. మూడోసారి అడిగాడు. అప్పుడు ఎడమచేతి చూపుడువేలితో, ఒక్కో అక్షరం పొడిచి పంపాను. క్లియర్ లేదు.

బయట గూడ్సు డ్రైవరు బీడీ కాలుస్తున్నాడు. గార్డు తువ్వాలు పరచుకుని నీడలో పడుకున్నాడు. వాళ్లకేమీ తెలియదు.

ఫిబ్రవరి 26

వైకుంఠరావు ఖాళీ వేళ చూసి పంపాడు. "నిన్న నాకు నీ చెయ్యి తెలుసు కాబట్టి అడిగాను. నేను సెలవులో ఉండి మరొకడు ఇక్కడ కూర్చుని ఉంటే బండి వదిలేవాడు. పదిహేను రోజులు చూస్తాను. మీ మాస్టరుగారికి నువ్వే చెప్పు. చెప్పకపోతే నేను చెబుతాను."

అందింది అని మాత్రం కొట్టాను.

మార్చి 1

చెప్పలేదు.

మార్చి 5, 6

రెండు రోజులుగా కొంచెం కొంచెంగా రాస్తున్నాను. పెన్సిలుకు పాత గుడ్డ చుట్టి లావు చేశాను. లావుపాటిదైతే నొక్కి పట్టనక్కర్లేదు. అయిదు వరసలు రాసి, చెయ్యి వేలాడదీసి విదిలించి, మళ్ళీ అయిదు వరసలు. ఇది కన్నమ్మ చెప్పిన పద్ధతి.

ఆమె నొప్పులకు వైద్యం చేస్తుందని గంపల ఆడవాళ్లు చెబితే, నాలుగో తేదీన ఒకరోజు సెలవు పెట్టి వాళ్ల ఊరికి నడిచాను. ఆరు మైళ్లు. మొగలి పొదలు దాటితే ఇసుక, ఇసుక దాటితే ఇళ్లు. ఎందుకు వెళుతున్నానో భాగ్యానికి చెప్పలేదు. అది అడగలేదు. నువ్వులనూనె సీసా ఒకటి సంచిలో పెట్టింది. దానికెవరు చెప్పారో నాకు తెలియదు.

కన్నమ్మ ఇంటి ముందు అప్పటికే ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. పేరు పైడయ్య. మోకాలు వాచి, ఎర్రగా, చూస్తేనే వేడిగా ఉంది. ఒళ్లు కాలుతోందట. నూనె రాసి కాలు తోమమని బతిమాలుతున్నాడు. ఆమె అరచెయ్యి మోకాలికి జానెడు దూరంలో పెట్టి తీసేసింది, ముట్టుకోలేదు.

"ఇది నాది కాదు" అంది. "ఎర్రగా వాసి, జెరంతో వచ్చీసిందాన్ని తోమితే మనిషి పోతాడు. టెక్కలి డాక్టరుకాడికి ఈ పూటే ఎల్లిపో." అతను గొణిగాడు. ఆమె తన కొడుకుల్ని పిలిచి, అతణ్ణి మంచం మీద మోయించి పంపింది. అంతవరకు నా వైపు చూడలేదు.

అది చూశాక నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది. తనది ఏది కాదో తెలిసిన వైద్యుణ్ణి అంతకు ముందు నేను చూడలేదు.

తర్వాత నన్ను పీట మీద కూర్చోబెట్టి, బల్ల దగ్గర ఎలా కూర్చుంటానో అలా కూర్చోమంది. ఒక చిప్ప బోర్లించి, ఇదే నీ మిషను, కొట్టు అంది. కొట్టాను. నాకు సిగ్గేసింది. నలుగురు పిల్లలు చుట్టూ చేరి చూస్తున్నారు. ఆమె వెనకనుంచి వచ్చి మెడకూ భుజానికీ మధ్య ఒక్క చోట బొటనవేలితో నొక్కింది. నొప్పి అక్కణ్ణుంచి మోచెయ్యి మీదుగా చూపుడువేలి కొస దాకా దిగింది. కళ్లలో నీళ్లు వచ్చాయి. రెండు నెలలుగా మణికట్టులో వెతుకుతున్నది అక్కడ ఉంది.

తవుడు వేయించి గుడ్డలో మూటకట్టి, తన చెంపకు ఆనించి వేడి చూసుకుని, మెడ మీద, రెక్క మీద కాపడం పెట్టింది. తర్వాత భాగ్యం ఇచ్చిన నూనె. గట్టిగా తోముతుందనుకున్నాను. అలా చెయ్యలేదు. ఊయల ఊపినంత మెల్లగా నా చెయ్యి పట్టుకుని ఊపుతూ ఉంది, బరువంతా తనకే వదిలెయ్యమంది. నేను వదిలాననుకున్నాను. ఆమె టక్కున తన చెయ్యి తీసేసింది. నా చెయ్యి గాలిలో అలాగే నిలబడి ఉంది.

"సూసినావా" అంది. "వదల్నేదు. నీకు వదిలేది తెల్దు."

ఆమె పెనిమిటి నూకయ్య. అరవై దాటిన మనిషి, ఇంకా పెద్దవల లాగుతాడు. ఆ సాయంత్రం నన్ను ఒడ్డుకు తీసుకెళ్లి చూపించాడు. ముప్పై మంది రెండు తాళ్ల దగ్గర నిలబడ్డారు. నేను చేతులతో లాగుతారనుకున్నాను. మడమలు ఇసుకలో దింపి, ఒళ్లంతా వెనక్కి వాల్చి నడుస్తున్నారు. చేతులు కొక్కేల్లా ఊరికే తాడు మీద ఉన్నాయి. పాట ఆగినప్పుడల్లా అందరూ వదిలేస్తున్నారు, భుజాలు విదిలిస్తున్నారు, కుడివైపు వాడు ఎడమవైపుకు మారుతున్నాడు.

నూకయ్య అన్నాడు, "తాడు బిగించి పట్టినోడికే సెయ్యి పోద్ది బావూ. కుర్రతనంలో నాను అలగే పట్టీసినాను. ఏడాది సెయ్యి పైకి నేవనేదు. మంచంలో తొంగుంటే ఇంకా బిగుసుకుపోనాది. మా కన్నమ్మే నా సెయ్యి రోజూ కూంత కూంత కదిపింది."

పరీక్షకు ముందు బాగవుతుందా అని కన్నమ్మను అడిగాను. తేదీ చెప్పాను. ఆమెకు నవ్వొచ్చింది.

"రెండు నెల్లు పెంచీసుకున్నావు. దానికి నీ తేదీ ఏటి తెలుసు?"

మార్చి 7

ఆమె చెప్పినవి, మరచిపోకుండా: చెయ్యి కట్టెయ్యకూడదు, మొండిగా వాడకూడదు. కాపడం రెండు పూటలా. బల్ల ఎత్తు తగ్గించాలి, లేదా కుర్చీ పెంచాలి. మోచెయ్యి దేనిమీదైనా ఆనాలి. చెయ్యి తలకింద మడిచి పడుకోకూడదు. గోడకు వేళ్లు ఆనించి మెల్లగా పైకి పాకించాలి, నొప్పి మొదలైన చోట ఆగి వెనక్కి రావాలి. ఈ రోజు మా చూరుకు జానెడు కింద ఆగింది.

మార్చి 9

మాస్టరుగారు గదిలో ఒక్కరే ఉన్నారు. వెళ్లి నిలబడ్డాను. ఫైలు ఇచ్చి వచ్చేశాను.

మార్చి 12

చెప్పాను.

ఇరవై అయిదో తేదీ సంగతి కూడా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నా చెయ్యి సంగతి జనవరి నుంచీ తెలుసన్నారు. చెబుతానేమో అని చూశారట. ఆ గూడ్సు సంగతి మాత్రం తెలియదు. విన్నాక ఆయన ముఖం మారింది. అది నేను మరచిపోలేను, కాబట్టి రాయను.

ఈ రోజు నుంచి కీ ఆయన చూస్తారు. నేను టిక్కెట్లు, దీపాలు, జెండా.

మార్చి 13

జెండా ఎడమచేత్తో పట్టుకున్నాను. ప్లాట్‌ఫారం మీద మా ఊరివాడొకడు చూశాడు. ఇంకేం, నాన్నకు తెలుస్తుంది.

మార్చి 20

నాన్న వచ్చాడు. నాలుగు కొబ్బరికాయలు తెచ్చాడు. కొత్త ఉద్యోగం ఏమిటని అడగలేదు, నా చెయ్యి చూపించమన్నాడు. తన బొటనవేలితో అరచెయ్యంతా నొక్కి చూశాడు. నాగలి పట్టినన్నాళ్లూ తనకూ ఉండేదట, ఎవరికీ చెప్పలేదట. మధ్యాహ్నం బండికి వెళ్లిపోయాడు.

మార్చి 28

చూరు అందింది. రెండు వేళ్లు.

ఏప్రిల్ 3

మాస్టరుగారు భోజనానికి వెళ్లినప్పుడు, తీగ తీసేసి ఉత్త కీ మీద గంట సేపు కొట్టాను. ఇరవై మాటలు వచ్చాయి. ఇరవై ఒకటి కూడా వచ్చింది.

ఏప్రిల్ 4

చెయ్యి లేవదు.

ఏప్రిల్ 7

కన్నమ్మ గంప దించి కిటికీ దగ్గరికొచ్చింది. నేను ఏమీ చెప్పకముందే భుజం చూసి అంది, "గంటసేపు కొట్టీసినావు కదూ." గంటే అన్నాను. తిట్టలేదు. రేపు పది నిమిషాలు కొట్టు, ఎల్లుండి మానెయ్యి, ఆవలెల్లుండి పది అంది. నొప్పి ఉన్నా కొట్టవచ్చా అని అడిగాను. కూంత ఉన్నా పరవాలేదు, మర్నాటికి పెరక్కపోతే సరే, పెరిగితే తగ్గించాలంది. ఎంత తేలికైన లెక్క! ఏ పుస్తకంలోనూ ఎవరూ నాకు చెప్పలేదు.

పైడయ్య బతికాడట. టెక్కలిలో మోకాలు కోసి చీము తీశారట.

ఏప్రిల్ 15

ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. నేను కూర్చోలేదు. చెయ్యి బాగాలేదని, జూన్ వరకు గడువు కావాలని నిలబడే చెప్పాను. ఆయన మాస్టరుగారి వైపు చూశారు. మాస్టరుగారు ఒక కాగితం అందించారు. అందులో ఏం రాశారో ఇప్పటికీ నాకు తెలియదు. జూన్ పది అన్నారు.

వాల్తేరు జాబితా ఏప్రిల్‌తో మూస్తారు. దాని గురించి నేను అడగలేదు.

ఏప్రిల్ 30

పది నిమిషాలు.

మే 11

పదిహేను. తర్వాత విదిలించడం, మళ్ళీ అయిదు. కాపడం భాగ్యమే పెడుతోంది. మూట వేడి చూసుకోవడం దానికి కన్నమ్మ కంటే బాగా వచ్చింది. అలా అంటే, "తవుడు గొప్ప" అంది.

మే 24

మాస్టరుగారు ఒక మామూలు తంతి నా చేత పంపించారు. ఆయన పక్కనే కూర్చున్నారు. వైకుంఠరావు అందింది అన్నాడు.

జూన్ 10

పదిహేడు. కావలసింది ఇరవై.

తప్పు ఒక్కటీ లేదు. ఇన్‌స్పెక్టరుగారు కాగితం అటూ ఇటూ తిప్పి, చిన్న స్టేషనుకు ఇది చాలు అన్నారు. కీ నాకిచ్చారు. పెద్ద ఆఫీసులకు పేరు ఇక పంపబోమన్నారు. సంతకం పెట్టాను.

ఇంటికి వెళ్లి భాగ్యానికి రెండూ చెప్పాను. వాల్తేరులో నీళ్లు ఉప్పగా ఉంటాయట అంది. అది వాల్తేరు ఎప్పుడూ చూడలేదు.

జూన్ 22

ఈ రోజు వైకుంఠరావు వచ్చాడు.

ప్యాసింజరు దిగి నేరుగా నా గదిలోకి వచ్చి కూర్చున్నాడు. నాకంటే పదేళ్లు పెద్ద. ముఖం కంటే ముందు చెయ్యి చూశాను. కుడిచెయ్యి కండువాలో దాచి ఉంది. మంచినీళ్లిస్తే ఎడమచేత్తో అందుకున్నాడు.

"ఏడాదైంది" అన్నాడు.

కండువా తీశాడు. వేళ్లు సగం ముడుచుకుని ఉన్నాయి. బొటనవేలి మొదట్లో కండ కరిగిపోయి గుంట పడింది. నాకెప్పుడూ అంత కాలేదు. ఇన్నాళ్లూ ఎడమచేత్తో పంపుతున్నాడట, కుడిచేతి తీరునే అనుకరిస్తూ. రెండు నెలలు ఇంటి దగ్గర తలుపు వేసుకుని నేర్చుకున్నాడట.

నేను రోజుకు నలభై సార్లు విన్నాను. రెండు అక్షరాలకే తెలుస్తుందని ఈ పుస్తకంలోనే రాసుకున్నాను. నాకేమీ వినబడలేదు. ఇన్నాళ్లూ నాకు నా చెయ్యి ఒక్కటే వినబడింది.

ఆయన మెడ దగ్గర, భుజం మీద వేలు పెట్టి నొక్కాను. గట్టిపడ్డ తాడులా ఉంది. రేపే కన్నమ్మ దగ్గరికి తీసుకెళతానన్నాను. ఆ గుంట సంగతి ఆమె ముట్టుకునేదో, డాక్టరు చూడాల్సిందో నాకు తెలియదు, అదీ ఆమే చెబుతుందన్నాను. అంతా తిరిగి వస్తుందని చెప్పలేకపోయాను. ఆయన కూడా అడగలేదు. ఆయన అడిగింది వేరు.

"నీకు నేను పదిహేను రోజులు గడువిచ్చాను కామేశ్వరరావు. నాకు నేను ఏడాది ఇచ్చుకున్నాను. ఇంకా ఎన్నాళ్లు ఇచ్చుకోవచ్చంటావు?"

ఇల్లు, నలుగురు పిల్లలు, పలాసలో ఆయన పేరు. ఇవన్నీ ఆయన చెప్పకపోయినా బల్ల మీద ఉన్నాయి. కోపం రావాల్సింది నాకు. తనది దాచుకుని, నన్ను నిలబెట్టి నిజం చెప్పించిన మనిషి. రాలేదు. ఆయన ఆ రోజు బండి ఎందుకు వదల్లేదో ఇప్పుడు తెలిసింది. చెయ్యి పోవడమంటే ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు కాబట్టి మూడుసార్లు అడిగాడు.

ఈ రోజే చెప్పెయ్యాలన్నాను.

జూన్ 23

నిన్న రాయలేకపోయిన సంగతి. మధ్యాహ్నం కీ మా మాస్టరుగారికి అప్పగించి, గూడ్సు బ్రేకు వ్యానులో, గార్డు పెట్టెలో, ఇద్దరం పలాస వెళ్లాం. నాలుగేళ్లు మాట్లాడుకున్నవాళ్లం ఎదురెదురుగా కూర్చుంటే మాట దొరకలేదు.

పలాస మాస్టరుగారి గది తలుపు సగం తెరిచి ఉంది. ఆయన ఏదో రాసుకుంటూ కూర్చోమన్నారు. మేం కూర్చోలేదు. వైకుంఠరావు నా వైపు చూశాడు. నాకు మాటలు సిద్ధంగా ఉన్నాయి. మొత్తం నేనే చెప్పేయగలను, సుఖంగా అయిపోతుంది. అది నేను చెప్పవలసింది కాదు. ఆయన మోచెయ్యి పట్టుకుని నిలబడ్డాను, అంతే.

బయట ఇంజను నీళ్లు పట్టింది, కూత వేసింది, కదిలింది. చివరి పెట్టె దాటిపోయింది.

అప్పుడు వైకుంఠరావు కండువా తీసి, కుడిచెయ్యి మాస్టరుగారి బల్ల మీద, కాగితాల మధ్యన పెట్టాడు.